ఒకే ఆల్బమ్‌కు రెండు వ్యతిరేక సమీక్షలు కనిపిస్తే ఎవరి మాట నమ్మాలి, వారికి ఎలా స్పందించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు గుంటూరు అరండల్‌పేటలో ఉంటారు. చిన్నప్పటి నుంచి సినిమా పాటలు, ఇంట్లో పెద్దల వల్ల కొంత కర్ణాటక సంగీతం విన్నారు. ఈ మధ్య తోటి శ్రోతలు రాసే ఆల్బమ్ సమీక్షలు చదువుతూ పాశ్చాత్య సంగీతాలైన జాజ్, రాక్, మెటల్ వైపు కూడా చెవి పెడుతున్నారు. అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ గురించి ఒకరు ‘ఇంతకు మించిన సంగీతం లేదు’ అని రాస్తే, ఇంకొకరు ‘హోటల్ లిఫ్టులో వినిపించే సరుకు’ అని రాశారు. మీరు విన్నారు, రెండో పాట సగంలో ఆపేశారు. ఇప్పుడు ఎవరిని నమ్మాలి, పరిచయం లేని సంగీతం మీద ఇతరుల సమీక్షలు చదవడం వల్ల ప్రయోజనం ఉందా, మీకు నచ్చలేదన్న సంగతి ఆ మొదటి వ్యక్తికి నొప్పి కలగకుండా ఎలా చెప్పాలి అన్నవి మీ సందేహాలు.

నా సమాధానం ఇది. ఇద్దరి తీర్పునూ పక్కన పెట్టండి. ఆ తీర్పు ఇచ్చే ముందు వారి చెవికి ఏ చోట ఏం వినిపించిందో అది మాత్రం తీసుకోండి. సమీక్షలో ‘ఎక్కడ, ఏమిటి’ ఉంటే, ఆ రాసినవారి అభిరుచి మీకు పూర్తిగా ఎదురైనా సరే, అది మీకు పనికొస్తుంది. ‘ఎంత గొప్ప’ లేదా ‘ఎంత చెత్త’ అన్నదొక్కటే ఉంటే, రాసినవారు ఎంత విద్వాంసులైనా దానితో మీరు చేసుకోగలిగింది ఏమీ ఉండదు. స్పందించేటప్పుడు కూడా వారి అభిప్రాయాన్ని కాక వారు చెప్పిన ఆ చోటును పట్టుకొని మాట్లాడితే గొడవ రాదు, ఇద్దరికీ ఏదో ఒకటి కొత్తగా వినిపిస్తుంది.

నేను ఏ అనుభవంతో మాట్లాడుతున్నానో కూడా చెప్పాలి. విజయవాడ గవర్నర్‌పేటలో క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపినవాణ్ణి. కాగితం మీద పాటల జాబితా, చేతిలో ఖాళీ క్యాసెట్ పట్టుకొని వచ్చేవారి అభిరుచులను ఏళ్ల తరబడి దగ్గర నుంచి చూశాను. షాపు మూసేశాక ఆ పరిచయాలతోనే సత్యనారాయణపురంలోని మా మేడ మీద కొందరం నెలకొక ఆదివారం కలుస్తున్నాం. ఒక్కో నెల ఒక్కొక్కరు ఒక ఆల్బమ్ ఎంచుతారు, అందరూ విని ఒక పేజీ సమీక్ష రాసుకొస్తారు, ఆ తరవాత ఒకరి సమీక్షకు మరొకరు అక్కడికక్కడే కాగితం మీద స్పందన రాయాలి. వీణ నేర్పే టీచరుగారు, ఇళయరాజా పేరెత్తితే లేచి నిలబడే గుంటూరు బ్యాంకు ఉద్యోగి, మెటల్ అంటే ప్రాణమిచ్చే ఇంజనీరింగ్ కుర్రవాడు, చర్చిలో కీబోర్డు వాయించే మాస్టారు మాలో ముఖ్యులు. ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చడం అరుదు కాబట్టి మీరు ఎదుర్కొన్న చిక్కు మాకు ప్రతి నెలా ఎదురవుతూనే ఉంటుంది.

మీరు అడిగిన ఆల్బమ్ మా మధ్యకు కూడా వచ్చింది, దాన్ని ఎంచినవారు కీబోర్డు మాస్టారు. న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోలో 1959 మార్చిలో ఒక రోజు, ఏప్రిల్‌లో ఒక రోజు కూర్చొని వాయించినది, అదే ఏడాది ఆగస్టులో విడుదలైంది. మొదటి పాట ‘సో వాట్’ మీద టీచరుగారు రాసుకొచ్చిన సమీక్ష సారాంశం ఇలా ఉంది: ‘స్వరాలు చూస్తే ఖరహరప్రియ, కాని గమకం లేదు. పదహారు ఆవృత్తాలు గడిచాక షడ్జమమే అరస్వరం పైకి జరిగిపోయింది, ఎనిమిది ఆవృత్తాల తరవాత మళ్ళీ కిందికి వచ్చింది. ఆధారషడ్జమం కదిలిపోయే సంగీతంలో నాకు నిలకడ దొరకలేదు. నచ్చలేదు.’ చూడండి, తీర్పు పూర్తిగా ప్రతికూలం. అయినా ఆ పాట నిర్మాణం గురించి ఇంత కచ్చితంగా చెప్పిన పొగడ్త నేను చదవలేదు. ఆ పాట నిజంగా అలాగే నడుస్తుంది. మొత్తం ముప్పై రెండు బార్ల (మన లెక్కలో ఆవృత్తాల) చట్రం, మొదట పదహారు ఒక స్వరం ఆధారంగా, తరవాతి ఎనిమిది అరస్వరం పైన, చివరి ఎనిమిది మళ్ళీ మొదటి చోట. పాశ్చాత్యులు డోరియన్ అనే ఆ స్వరవరుస మన ఖరహరప్రియ రాగం స్వరాలకు సరిపోతుంది. వాద్యకారులకు దట్టమైన కార్డుల (ఒకేసారి మోగించే స్వరాల గుత్తుల) వరుస ఇవ్వకుండా ఇలా ఒకే స్వరవరుస మీద ఎక్కువ సేపు ఉండనివ్వడమే ఆ ఆల్బమ్ తెచ్చిన మార్పు.

కీబోర్డు మాస్టారు ఆ సమీక్షకు రాసిన స్పందన రెండు వాక్యాలు: ‘మీకు నిలకడ పోయిన ఆ చోటే నాకు ఊపిరి తీసుకునే చోటు. మొదట్లో బేస్ గిటారు వంటి ఆ పెద్ద వాద్యం ఒక మాట అంటే మిగతావారు బుర్రకథలో వంతలు అందుకున్నట్టు రెండేసి దెబ్బలతో జవాబిస్తారు, ఆ జవాబు కూడా అరస్వరం పైకి జరిగినప్పుడు వినండి.’ టీచరుగారికి అప్పటికీ ఆ ఆల్బమ్ నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. కాని ఆ కదలిక ఎక్కడ వస్తుందో వేలితో లెక్క వేస్తూ చూపించగలరు. మీరు చదివిన ‘లిఫ్టు’ సమీక్షలో ఇలాంటిది ఒక్క వాక్యమైనా ఉందేమో వెతకండి. లేకపోతే ఆ వ్యక్తి విన్నది శబ్దం మెత్తగా ఉందన్న సంగతి ఒక్కటే. అది అబద్ధం కాదు, కాని మీకు దారి చూపదు. మొదటి వ్యక్తి రాసిన ‘ఇంతకు మించినది లేదు’ కూడా సరిగ్గా ఆ బాపతే.

మీరు రెండో పాట సగంలో ఎందుకు ఆపారో కూడా నేను ఊహించగలను. సినిమా పాటలో పల్లవి, చరణం, మధ్యలో వచ్చే వాద్యాల బిట్టు అన్నీ ముందే కూర్చినవి. పల్లవి తిరిగి వస్తుందన్న నమ్మకం మీద మనం కూర్చుంటాం. ఇక్కడ బాణీ మొదట కొద్దిసేపు, చివర కొద్దిసేపు మాత్రమే ఉంటుంది, మధ్యలోనిదంతా ఆ చట్రం మీద ఒక్కొక్కరు అప్పటికప్పుడు వాయించే మనోధర్మం. రెండో పాట ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’ పన్నెండు బార్ల బ్లూస్ చట్రం మీద దాదాపు పది నిమిషాలు నడుస్తుంది. పల్లవి కోసం ఎదురుచూసే చెవికి అది చాలా పొడుగు. కచేరీలో అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు వినేటప్పుడు ఎడుపు, అంటే పల్లవి అందుకునే చోటు, ఎక్కడ పడుతుందా అని చూసే చెవితో వింటే అంత పొడుగు అనిపించదు. ఈ రెండో చెవి మీకు ఇంట్లోనే అలవాటై ఉంది, మీరు దాన్ని జాజ్ దగ్గరికి తీసుకెళ్ళలేదు, అంతే.

ఇదే ఆల్బమ్‌తో జరిగిన ఇంకో సంగతి చెప్పకపోతే ఈ సమాధానం పూర్తి కాదు. నా దగ్గరి పాత క్యాసెట్ వేసి వింటున్నప్పుడు టీచరుగారు తన శ్రుతిపెట్టె దగ్గర పెట్టుకున్నారు. మొదటి వైపు పాటలకు అది ఎంత తిప్పినా మామూలు మెట్ల మధ్యలో ఎక్కడో కూర్చుంది, రెండో వైపుకు మాత్రం సరిగ్గా మెట్టు మీద నిలిచింది. ‘మొదటి వైపు శ్రుతి పెంచి వాయించారు’ అని ఆమె కాగితం మీద రాశారు. ఇంజనీరింగ్ కుర్రవాడు నవ్వి, అది డెక్ మోటారు లోపం అన్నాడు. డెక్ లోపమైతే రెండు వైపులా ఒకేలా ఉండాలి కదా! అసలు కారణం స్టూడియోలోనే ఉంది. మార్చి నాటి రికార్డింగులో అసలు టేపు తీసిన యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. అందువల్ల ఆ టేపును సరైన వేగంతో వినిపిస్తే మొదటి వైపు మూడు పాటలూ కొంచెం వేగంగా, కొంచెం ఎక్కువ శ్రుతిలో వస్తాయి. దశాబ్దాల పాటు లోకం విన్నది ఆ ప్రతినే. అదే రోజు పక్కన సరైన వేగంతో నడిచిన రెండో యంత్రపు టేపు ఆధారంగా 1992లో దాన్ని సరిదిద్ది మళ్ళీ విడుదల చేశారు. జాజ్ గురించి ఒక్క పుస్తకం చదవని టీచరుగారు తన శ్రుతిజ్ఞానంతో దాన్ని పట్టుకున్నారు.

కాబట్టి వేరే సంగీతం నుంచి వచ్చినవారి సమీక్షను ‘వీరికి దీని గురించి తెలియదు’ అని తోసెయ్యకండి. అలవాటైన శ్రోత దాటేసే విషయాలు వారి చెవికి గుచ్చుకుంటాయి. దీనికి తోడు, సమీక్ష రాసినవారు ఏ ప్రతి విన్నారో అడిగి తెలుసుకోండి. బీటిల్స్ 1967 నాటి ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌కు మోనో (ఒకే దారిలో వచ్చే శబ్దం) మిశ్రమం వేరు, స్టీరియో (కుడి ఎడమలుగా విడదీసిన శబ్దం) మిశ్రమం వేరు. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ పాట మోనోలో ఇంకాస్త వేగంగా, పై శ్రుతిలో ఉంటుంది. ఒకరు ‘ఈ పాట ఈడ్చినట్టుంది’ అని, ఇంకొకరు ‘లేదే’ అని వాదించుకుంటున్నప్పుడు ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

ప్రతితో పాటు విన్న పరిస్థితి కూడా చూడాలి. మా బ్యాంకు ఉద్యోగి రోజూ గుంటూరు నుంచి విజయవాడకు బస్సులో వచ్చి పోతారు. ఆయన సమీక్షలన్నీ ఆ బస్సు కిటికీ పక్కన, చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో పుట్టినవే. ఒకసారి హిందుస్తానీ గాత్రం ఆల్బమ్ మీద ‘మొదటి ఐదు నిమిషాలు ఏమీ జరగదు’ అని రాశారు. మంద్రస్థాయిలో మెల్లగా మొదలయ్యే ఆలాపన ఇంజిను మోతలో, మంగళగిరి దగ్గర హారన్ల మధ్య వినపడదు. అందులో ఆయన తప్పూ లేదు, గాయకుడి తప్పూ లేదు. అదే ఆయన మెటల్ ఆల్బమ్ మీద, ఆ సంగీతమంటే ఇష్టం లేకపోయినా, మంచి వివరాలతో రాస్తారు. ఎందుకంటే మొదటి నుంచి చివరి దాకా శబ్దం ఒకే ఎత్తులో ఉండే సంగీతం బస్సులో చక్కగా బతుకుతుంది. ఇంకో రకం చిక్కు కూడా ఉంది. పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’లో ఒక పాట ఇంకో పాటలోకి తెగకుండా కలుస్తుంది. దాన్ని ఉచిత ఆప్‌లో ప్రకటనలతో, పాటల క్రమం కలగాపులగం చేసి విన్న ఒక కుర్రవాడు ‘పాటలు అర్ధాంతరంగా తెగిపోతున్నాయి, నిర్మాణం బాగాలేదు’ అని రాశాడు. అలాంటి సమీక్షకు సమాధానంగా మేము ఏ వాదనా చేయలేదు, క్రమం మార్చకుండా ఒక్క వైపు మళ్ళీ వినమన్నాం.

అభిమానులు రాసేది చదవడం దండగ అని కొందరు పెద్దలు అంటూ ఉంటారు. నేను ఒప్పుకోను. మెటాలికా 2008లో విడుదల చేసిన ‘డెత్ మాగ్నెటిక్’ దీనికి మంచి ఉదాహరణ. ఆ ఆల్బమ్ శబ్దాన్ని ఎంతగా పైకి నొక్కారంటే, అంటే చిన్న శబ్దాన్నీ పెద్దదాని ఎత్తుకు ఎంతగా తెచ్చారంటే, డ్రమ్ము దెబ్బ కొనలు చదునైపోయి, స్పీకరు పగిలినట్టు గరగరమంటుంది. ఈ సంగతిని రచ్చకెక్కించినది అభిమానులే. అదే పాటలు ‘గిటార్ హీరో’ అనే వీడియో గేమ్‌లో అంతగా నొక్కకుండా వచ్చాయి. అభిమానులు రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి, మళ్ళీ మిక్స్ చేయమని వేల సంతకాలతో విజ్ఞప్తి కూడా పెట్టారు. మా కుర్రవాడు ఈ ఆల్బమ్‌ను మా మధ్యకు తెచ్చినప్పుడు టీచరుగారు ‘శబ్దం తప్ప ఏమీ లేదు, పది నిమిషాలకు తలనొప్పి వచ్చింది’ అని రాశారు. ఆ కుర్రవాడు మామూలుగా అయితే కోప్పడేవాడు. ఆ రోజు మాత్రం ఇలా స్పందించాడు: ‘మీకు తలనొప్పి తెప్పించినది సంగీతమా, దాన్ని నొక్కిన తీరా అన్నది వేరు చేసి చూద్దాం అండీ. ఇదే బృందం 1986లో చేసిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ లో ఈ నొక్కుడు లేదు, శబ్దం తగ్గే చోట నిజంగా తగ్గుతుంది, అది వినండి.’ ఆమె విన్నారు. వాద్యాలు మాత్రమే ఉండే ‘ఓరియన్’ అన్న పాట మధ్యలో బేస్ ఒంటరిగా మొదలయ్యే భాగం తనకు నచ్చిందని రాశారు, మిగతాది తనకు అక్కరలేదన్నారు. ఇంతకన్నా మంచి ఫలితం నేను ఆశించను.

మన తెలుగు శ్రోతల సమీక్షల్లో ప్రత్యేకంగా కనిపించే పోకడ ఒకటుంది. మనం ముందు సాహిత్యం వింటాం. సినిమా ఆల్బమ్ సమీక్ష అంటే ఎవరు రాశారు, ఆ చరణంలో ఆ మాట ఎంత బాగా పడింది అన్నదే సగం ఉంటుంది. అది మన బలం, దాన్ని వదులుకోమని నేను అనను. కాని ఆ కొలతనే మాటలు లేని సంగీతం మీదా, మాటను ఒక వాద్యంలా వాడుకునే సంగీతం మీదా పెట్టినప్పుడు సమీక్ష దారి తప్పుతుంది. ‘ఏం పాడుతున్నాడో ఒక్క ముక్క అర్థం కాలేదు’ అన్నది ర్యాప్ ఆల్బమ్‌కు నిజమైన ఆక్షేపణ, ఎందుకంటే అక్కడ మాటే ప్రాణం. అదే ఆక్షేపణ గొంతును గరగరలాడించే మెటల్‌కు అంతగా వర్తించదు. సినిమా ఆల్బమ్‌ల విషయంలో ఇంకో మెలిక, తెర మీది దృశ్యం. పాటలు ఒక్కొక్కటిగా లిరికల్ వీడియోలుగా వస్తున్న ఈ రోజుల్లో విడుదల వారంలో రాసిన సమీక్ష చాలావరకు హీరో మీదా, స్టెప్పుల మీదా అభిప్రాయమే. నేను అలాంటివి చదవను అనను గాని, బొమ్మ చూడకుండా విన్నారా అన్న ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంటాను.

జ్ఞాపకం కూడా సమీక్షలోకి చొరబడుతుంది. ఘంటసాల గారి ‘భగవద్గీత’ను ఎప్పుడైనా ఒక ఆల్బమ్‌గా కూర్చొని విన్నారా? మా ప్రాంతంలో అది కష్టం. ఆయన 1974 ఫిబ్రవరిలో పోయాక ఆ రికార్డు బయటికి వచ్చింది. శ్లోకాన్ని రాగంలో పాడి, వెంటనే తెలుగు తాత్పర్యాన్ని మాటగా చెప్పే ఆ పద్ధతి ఇంటింటికీ చేరింది. కాని ఎవరైనా పోయిన ఇంటి ముందు షామియానా కింద, అంతిమయాత్ర వాహనం మీద అదే మోగి మోగి, ఇంట్లో పెడితే ‘అది ఇప్పుడెందుకురా, ఆపు’ అని పెద్దవాళ్ళు కేకలేసే పరిస్థితి వచ్చింది. మా బృందంలో దాన్ని ఎంచినప్పుడు సగం మంది రాసుకొచ్చినవి సమీక్షలు కావు, ఎవరెవరి చావులో గుర్తుచేసుకున్న కాగితాలు. ఒక్క కీబోర్డు మాస్టారు మాత్రం శ్లోకం ముగిసి తాత్పర్యం మొదలయ్యే చోట గొంతు పాట నుంచి మాటకు ఎలా దిగుతుందో, ఆ దిగడంలో శ్రుతి ఎక్కడా జారకపోవడం ఎంత కష్టమో రాశారు. ఆ కాగితం విన్న తరవాత మిగతావారు రికార్డును మళ్ళీ పెట్టమన్నారు. సమీక్షలో జ్ఞాపకం ఉండకూడదని కాదు, అది జ్ఞాపకం అని రాసినవారికి తెలిసి ఉండాలి.

రెండు సంప్రదాయాలు కలిసిన ఆల్బమ్‌ల మీద సమీక్షలు చదివేటప్పుడు మాత్రం నేను ఇంకాస్త జాగ్రత్త పడతాను. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, గిటారు, ఎలక్ట్రానిక్ శబ్దాల మనిషి మైకేల్ బ్రూక్‌తో కలిసి 1995లో ‘డ్రీమ్’ అనే ఆల్బమ్ చేశారు. మా టీచరుగారు ‘ఇంత ప్రతిభను పొగమంచులో దాచేశారు, రాగం విచ్చుకునేలోపే శబ్దాలు కమ్మేస్తాయి’ అని రాశారు. కుర్రవాడు ‘ఇలాంటి మాండొలిన్ నేను ఎక్కడా వినలేదు’ అని ఎగిరి గంతేశాడు. నా ఉద్దేశంలో టీచరుగారి పరిశీలన సరైనది, కాని ఆమె ఆ ఆల్బమ్‌ను శ్రీనివాస్ కచేరీగా విన్నారు. అది మొదటి నుంచీ బ్రూక్ అల్లిన వాతావరణం, అందులో మాండొలిన్ ఒక పోగు. కచేరీ కావాలంటే శ్రీనివాస్ అదే రికార్డు సంస్థకు కొంత ముందు చేసిన ‘రామ శ్రీరామ’ ఉంది. దీనికి ఎదురు ఉదాహరణ శివకుమార్ శర్మ, బ్రిజ్ భూషణ్ కాబ్రా, హరిప్రసాద్ చౌరాసియా 1967లో చేసిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’. సంతూర్, గిటారు, వేణువు కలిసి ఒక గొర్రెల కాపరి దినచర్యను ఉదయపు ఆహీర్ భైరవ్ నుంచి రాగాల వరుసలో చెబుతాయి. దాని మీద ‘రాగ విస్తారం లేదు’ అనే సమీక్ష ఇప్పటికీ కనిపిస్తుంది. ఎల్పీ ఒక వైపున ఇరవై నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టే కాలంలో, ఒక రోజంతటినీ చెప్పదలచుకున్న ఆల్బమ్‌లో విస్తారాన్ని వెతకడం ఎందుకు?

పొగడ్తల గురించి కూడా ఒక మాట. ఇళయరాజా 1986 నాటి ‘హౌ టు నేమ్ ఇట్’ మీద మా బ్యాంకు ఉద్యోగి మొదట రాసుకొచ్చిన కాగితంలో ‘అద్భుతం’ అన్న మాట ప్రతి పేరాలోనూ ఉంది, సంగీతం ఒక్క పేరాలోనూ లేదు. త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన ఆల్బమ్ కాబట్టి, ఆ ఇద్దరూ కలిసే చోటు ఒకటి చూపించమని నేను ఆయన కాగితం అంచున రాశాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు. మరుసటి నెల మాత్రం, వయొలిన్ గమకంతో సాగుతుండగా కింద మిగతా తీగలు గమకం లేకుండా నేరుగా నడుస్తాయని, ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా ఎలా ఉన్నాయో నిమిషంతో సహా రాసుకొచ్చారు. ఆ ఆల్బమ్ మీద నాకు అంతకు ముందు లేని గౌరవం కలిగించినది ఆ రెండో కాగితమే.

మార్కుల సంగతి త్వరగా తేల్చేస్తాను. పదికి ఎనిమిది, అయిదుకు నాలుగు నక్షత్రాలు వంటివి చూడకండి. అభిమాని తనకు ఇష్టమైన ఆల్బమ్‌నే సమీక్షకు ఎంచుకుంటాడు కాబట్టి మార్కులన్నీ పైన గుమికూడతాయి, వాటి మధ్య తేడాకు అర్థముండదు. దానికి బదులు ఇద్దరు ముగ్గురు సమీక్షకుల చెవులు మీకు తెలిసేదాకా వారినే చదవండి. నాతో ఎప్పుడూ విభేదించే మనిషి కూడా, ఆ విభేదం ఒకే తీరుగా ఉంటే, చాలా ఉపయోగపడతాడు. మా కుర్రవాడు ‘నిద్ర వచ్చింది’ అని రాసిన ఆల్బమ్‌లను నేను వరసగా తెప్పించుకొని వింటాను, చాలావరకు నాకు నచ్చుతాయి. ఇది అతనికి చెప్పాను, ఏమీ అనుకోలేదు.

ఇక మీ మూడో సందేహం, ఆ మొదటి వ్యక్తికి ఏం రాయాలన్నది. ‘నాకు నచ్చలేదండీ’ అని ఊరికే రాస్తే ఆయన తన ఇష్టాన్ని సమర్థించుకోవడానికి దిగుతారు. ‘మీకు జాజ్ పిచ్చి’ అంటే సరే సరి. మా బృందంలో పాటించే పద్ధతి ఇది: ముందు మీరు విన్న చోటు, తరవాత మీకు కలిగినది, చివర ఒక ప్రశ్న. మీ విషయంలో అది ఇలా ఉండవచ్చు: ‘నేను సినిమా పాటలు, కచేరీలు వినేవాణ్ణి. సో వాట్ మొదట్లో బేస్‌కు మిగతావారు జవాబు చెప్పే భాగం దాకా ఆసక్తిగా విన్నాను. ట్రంపెట్ మొదలయ్యాక దేన్ని పట్టుకొని వెళ్ళాలో తెలియలేదు, రెండో పాట మధ్యలో ఆపేశాను. మీరు ఈ ఆల్బమ్‌లో ఏ వాద్యం వెంట వెళతారు?’ ఇందులో మీరు అబద్ధమాడలేదు, ఆయనను తక్కువ చేయలేదు, మీ అజ్ఞానానికి క్షమాపణా చెప్పుకోలేదు. ఈ చివరిది ముఖ్యం. కొత్త సంగీతం దగ్గరికి వెళ్ళిన తెలుగు శ్రోతలు ‘నాకేం తెలుసు’ అని మొదలుపెట్టి తమ మంచి పరిశీలనలను తామే కొట్టిపారేసుకుంటారు. కచేరీలు విన్న చెవి ఎక్కడికి వెళ్ళినా చేతకానిది కాదు.

ఆయనకు రాసే ముందు ఒక పని చేయండి. మొత్తం ఆల్బమ్ జోలికి పోకుండా ‘సో వాట్’ ఒక్కటే, రాత్రి ఇంట్లో ఫ్యాను కూడా తగ్గించి, కాస్త మంచి హెడ్‌ఫోన్స్‌తో వినండి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికేవి చాలావరకు సరిదిద్దిన వేగంలోనివే కాబట్టి ఆ బెంగ లేదు. చేతి మీద తాళం వేస్తూ బార్లు లెక్కపెట్టండి. పదహారు అయ్యాక ఆధారస్వరం పైకి జరిగే ఆ చోటు ట్రంపెట్ వాయిస్తున్నప్పుడు ఒకసారి, ఆ తరవాత కోల్ట్రేన్ శాక్సోఫోన్ వాయిస్తున్నప్పుడు ఒకసారి పట్టుకోండి. ఒకే మలుపును ఇద్దరు ఎంత వేరువేరుగా తీసుకుంటారో వినిపిస్తే మీ ప్రశ్న ఇంకా పదునుగా తయారవుతుంది. వినిపించకపోతే అదే రాయండి, ఏమీ పరవాలేదు. ఆయన జవాబులో ఫలానా పాట, ఫలానా చోటు అని ఉంటే ఆయన రాసే మిగతా సమీక్షలు కూడా చదవండి. ‘అన్నీ బాగుంటాయి, మళ్ళీ మళ్ళీ వినాలి’ అని మాత్రమే ఉంటే మర్యాదగా ధన్యవాదాలు చెప్పి, ఆ ఆల్బమ్ గురించి ఇంకెవరు ఏం రాశారో చూడండి.